పార్కుల్లో సాలెగూళ్లను కార్తీకం వెళ్లేదాకా ఉండనివ్వండి

తెలుగు రాష్ట్రాల నగరపాలక, పురపాలక సంస్థల ఉద్యాన విభాగాల అధికారులకు,

భాద్రపదం చివరికొచ్చేసరికి మీ విభాగాలకు చేతినిండా పని. బతుకమ్మకు, దసరాకు పార్కులు ముస్తాబు కావాలి. ఆ వెంటనే దీపావళి, కార్తీక వనభోజనాలు. వానలకు ఏపుగా పెరిగిన కంచె మొక్కలను కత్తిరిస్తారు, గడ్డి కోస్తారు, బెంచీలకు రంగులు వేస్తారు. పొడవాటి కర్రకు చీపురు కట్టి, పొదల మీదా కొమ్మల మధ్యా ఉన్న సాలెగూళ్లను దులిపేయడం కూడా ఈ శుభ్రతలో భాగంగానే సాగిపోతుంది. ఆ ఒక్క పని గురించే ఈ లేఖ. నడకదారులకు, ఆటస్థలాలకు, బెంచీలకు అడ్డురాని సాలెగూళ్లను ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో తీయవద్దని కోరుతున్నాను. అందుకు నేను చెప్పే కారణం దోమలు తగ్గుతాయనో, మొక్కలకు మేలనో కాదు. అవి అందంగా ఉంటాయి. ఆ రెండు నెలల్లో మీరు నాటించిన ఏ పూలమడికీ తీసిపోనంత అందంగా ఉంటాయి. పార్కు అన్నదే మనుషుల కంటికీ మనసుకూ హాయి కోసం ప్రజల సొమ్ముతో పెంచేది కాబట్టి, అందం అన్న ఒక్క కారణమే మీకు చాలునని నా వాదన.

ఏ సాలీడు సంగతి చెబుతున్నానో ముందు స్పష్టం చేయాలి. నందివర్ధనం, మందార, డురంటా పొదల మధ్య నడుమెత్తున గుండ్రంగా గూడు కట్టి, దాని నట్టనడుమ తలకిందులుగా ఉండే సాలీడు మన తోటల్లో తరచూ కనిపిస్తుంది. ఇది ఆర్జియోపి ప్రజాతిది. సిగ్నేచర్ స్పైడర్ అన్న పేరుతో ఫొటోగ్రాఫర్లకు బాగా పరిచయం. ఆడదాని ఒళ్లు సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. మగది అందులో సగానికి అటూ ఇటూ ఉండి, గూటి అంచున ఎక్కడో కంటికి ఆనకుండా తిరుగుతుంది. ఆడది తన ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జతచేసి నాలుగు మూలలకూ చాపుతుంది. అందుకే కాస్త దూరం నుంచి చూస్తే దానికి నాలుగు కాళ్లే ఉన్నట్టు అనిపిస్తుంది. తల భాగం మీద వెండి రంగు నూగు. పొట్ట మీద అడ్డంగా పసుపు, గోధుమ పట్టీలు, వాటిని విడదీస్తూ ముదురు గీతలు. కాళ్ల కొసలు ఆగినచోట నుంచి గూటి అంచు వైపుగా తెల్లటి మందపాటి పట్టుతో వంకీలు వంకీలుగా అల్లిన రేఖలు సాగుతాయి. ఒక గూటిలో అవి నాలుగుంటాయి, ఇంకో గూటిలో రెండే ఉంటాయి, మరో దాంట్లో అసలుండవు. అదే సాలీడు ఇవాళ అల్లిన రేఖను రేపు అల్లకపోవచ్చు. పిల్ల సాలీళ్లయితే చాలాసార్లు గీతలకు బదులు మధ్యలో చిన్న తెల్లటి బిళ్లలాంటిది అల్లుకుంటాయి. మనిషి మరీ దగ్గరికి వెళ్తే ఇది పారిపోదు. కాళ్లు బిగించి గూడంతటినీ ముందుకూ వెనక్కూ ఊపేస్తుంది. ఆ ఊపులో చారల ఒళ్లు మసకై ఎక్కడుందో కంటికి దొరకదు. ఊపు ఆగాక మళ్లీ అక్కడే, అదే భంగిమలో ఉంటుంది.

ఇవి ఏడాదిలో ఇతర నెలల్లోనూ ఉంటాయి. కానీ శరత్తులో కనిపించినంత నిండుగా మరెప్పుడూ కనిపించవు. తొలకరి నుంచి పురుగు పుట్ర విస్తారంగా పుట్టుకొస్తుంది. వాటిని తింటూ పెరిగిన పిల్ల సాలీళ్లు వానాకాలం ముగిసేవేళకు పెద్దవవుతాయి. గుడ్లు పెట్టడానికి సిద్ధమయ్యే ఆడవాటికి ఆకలి ఎక్కువ, అవి కట్టే గూళ్లు కూడా పెద్దవి. అక్టోబరులో నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి తప్పుకున్నాక ఆకాశం తేటపడుతుంది, రాత్రులు సాగుతాయి. మబ్బు దుప్పటి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది, తెల్లవారుజామున ప్రతి ఆకు మీదా ప్రతి పోగు మీదా మంచు చేరుతుంది. ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు, అంతవరకు కనబడని గూడు ఉన్నట్టుండి పైనుంచి కిందిదాకా బయటపడుతుంది. కోస్తాలోనూ రాయలసీమలోనూ ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఉంటాయి కనుక అక్కడ ఈ కాలం కొంత ముక్కలు ముక్కలుగా వస్తుంది. అయినా వాన తెరిపిచ్చిన ప్రతి ఉదయం గూళ్లు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. చలిదేశాల్లోనూ ఈ కాలమే సాలీళ్ల కాలం. లండన్ శివార్లలో స్థిరపడిన మనవాళ్ల పెరళ్లలో సెప్టెంబరు నుంచి కనిపించేది వీపున తెల్లటి సిలువ గుర్తున్న అరేనియస్ డయాడెమాటస్. స్వీడన్‌కు చెందిన కార్ల్ క్లెర్క్ 1757లో తన దేశపు సాలీళ్ల మీద రాసిన పుస్తకంలో దానికి పేరు పెట్టాడు. జంతుశాస్త్రంలో నేటికీ చెల్లుబాటవుతున్న పేర్లలో అతి పాతవి ఆ పుస్తకంలోవే. సాలెగూటి గురించి శాస్త్రజ్ఞులు నేర్చుకున్నదాంట్లో చాలాభాగం ఆ సాలీడు దగ్గర నేర్చుకున్నదే.

అందం అనగానే రంగులే గుర్తుకొస్తాయి. సాలీడు విషయంలో రంగులది రెండో స్థానం. అసలైన అందం పనితనంలో ఉంది. గూడు ఎలా లేస్తుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా వాదనకు ఆధారం అదే. సాలీడు ముందుగా ఒక పోగును గాలికి వదులుతుంది. అది ఎదుటి కొమ్మకు తగిలి అతుక్కుంటే దాని మీదుగా నడిచి వంతెనను గట్టి పరుస్తుంది. తర్వాత మధ్యలో వదులు పోగు ఒకటి వేసి, అక్కడి నుంచి కిందికి దిగి మూడో కొసను బిగిస్తుంది. ఆ మూడు పోగులూ కలిసిన చోటే రేపటి కేంద్రం. అక్కడి నుంచి చట్రానికి బండిచక్రం ఆకుల్లా పోగులు, ఒకవైపు ఒకటి వేస్తే రెండోది దానికి దూరంగా మరోవైపు, లాగుడు ఎక్కడా ఎక్కువ కాకుండా వేసుకుంటూ పోతుంది. అవి పూర్తయ్యాక కేంద్రం నుంచి బయటికి జిగురు లేని పోగుతో ఎడం ఎడంగా ఒక చుట్టు తిరుగుతుంది. అది పని జరిగేటప్పుడు కాలు మోపుకోవడానికి వేసుకునే పరంజా మాత్రమే. తర్వాత దిశ మార్చి, బయటి అంచు నుంచి లోపలికి జిగురు పోగును దగ్గర దగ్గరగా చుడుతూ వస్తుంది. వస్తూ వస్తూ ఆ పరంజాను కత్తిరించి తీసేస్తుంది. ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దూరాన్ని కాళ్లతో కొలుచుకుంటుంది. మొత్తం గంట లోపు పని. గూడు అల్లే సాలీళ్లకు చూపు అంతంతమాత్రం. ఈ కొలతలన్నీ చీకట్లో, కాళ్లకు తగిలే స్పర్శతో, పోగుల బిగువుతో తేలినవే. ఆ పోగు మన వెంట్రుకలో పదో వంతు మందం కూడా ఉండదు. గూటిని మోసే పట్టు బరువుకు బరువు లెక్కన ఉక్కుకు దీటుగా నిలుస్తుంది. జిగురు పోగును చుట్టిన కాసేపట్లోనే దాని పూత తనంతట తానే సమాన దూరాల్లో సన్నని పూసలుగా విడిపోతుంది. ఆ పూసలు గాలిలోని తేమను పీల్చుకుని ఎండిపోకుండా ఉంటాయి. పోగు సాగినా తెగకపోవడంలో ఆ తడికి పెద్ద వంతు ఉంది. తెల్లవారి మంచు కురిసినప్పుడు మనం చూసే పెద్ద బొట్లు వేరు. వాటి కింద, కంటికి అందని పరిమాణంలో, ఈ పూసల వరుస ముందే ఉంటుంది.

ఇంత చేసినది ఒక్కరోజు కోసం. అరేనియస్ లాంటి సాలీళ్లు పాత గూటిని దాదాపు రోజూ తినేసి కొత్తది కడతాయి. డేవిడ్ పీకాల్ అనే పరిశోధకుడు 1971లో రేడియోధార్మిక పదార్థంతో గుర్తుపెట్టిన పట్టును అనుసరించి చూస్తే, తిన్న పాత గూటి పట్టులో అత్యధిక భాగం కొద్దిసేపటికే కొత్త గూటి పోగుగా తిరిగి వచ్చింది. మన పొలాల్లో, తోటల్లో కనిపించే నియోస్కోనా సాలీళ్లు చాలావరకు సాయంత్రం కట్టి తెల్లారేలోగా చుట్టేసుకుంటాయి. అంటే రేపు ఉదయం కనిపించబోయే గూడు నిన్నటి గూటి సరుకే, కొత్త కొలతలతో. సాలీడు ఒంటిలో జరిగే ప్రతి మార్పూ ఆ కొలతల్లో బయటపడుతుంది. 1948లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో హాన్స్ పీటర్స్ అనే జంతుశాస్త్రజ్ఞుడు సాలీళ్లు తెల్లవారుజామునే గూడు కట్టడం తన పనికి ఇబ్బందిగా ఉందని, ఆ వేళను మార్చే మందు కోసం పీటర్ విట్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడి సాయం అడిగాడు. మందులు ఇచ్చి చూస్తే వేళ మారలేదు కానీ గూటి ఆకారం మారిపోయింది. కాఫీలో ఉండే కెఫీన్ తాగిన సాలీడు నాలుగు పోగులు అడ్డదిడ్డంగా వేసి వదిలేసింది. దశాబ్దాల పాటు విట్ చేసిన పరిశోధనకు అదే నాంది. 1973లో జూడిత్ మైల్స్ అనే అమెరికన్ విద్యార్థిని సూచన మేరకు అరబెల్లా, అనిటా అనే రెండు అరేనియస్ సాలీళ్లను అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్‌కు పంపారు. భారం లేని చోట అరబెల్లా మొదట వంకరటింకరగా అల్లింది, కొద్ది రోజుల్లోనే సర్దుకుని గుండ్రటి గూడు కట్టింది. భూమి మీద గూటి పై భాగం చిన్నదిగా, కింది భాగం పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే సాలీడు పైకి ఎక్కేదానికన్నా కిందికి వేగంగా పరుగెత్తగలదు. 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పసుపు పట్టు అల్లే సాలీళ్లను ఉంచినప్పుడు ఆ తేడా చాలావరకు పోయి గూళ్లు అన్నివైపులా సమానంగా వచ్చాయి. దీపాలు వెలిగి ఉన్నప్పుడు మాత్రం సాలీడు వెలుతురున్న వైపునే పైభాగంగా భావించి గూడు కట్టింది. ఇన్ని సంగతులు ఎందుకంటే, ఈ ఆకారం యాదృచ్ఛికంగా కంటికి ఇంపుగా కుదిరినది కాదని చెప్పడానికి. భూమి ఆకర్షణ, గాలి, ఆకలి, పట్టు పొదుపు, ఒక చిన్న జీవి కాళ్ల పొడవు, ఇవన్నీ లెక్కలోకి వచ్చాకే ఆ గుండ్రదనం నిలిచింది. మీ తోటమాలులు గులాబీ మడిని ఎంత శ్రద్ధగా తీర్చినా, ఆ మడి తనను తాను ప్రతిరోజూ కొలుచుకుని మళ్లీ కట్టుకోదు.

మరి ఆర్జియోపి అల్లే ఆ తెల్లటి వంకీల రేఖలు ఎందుకు? ఇది ఇంకా తేలని ప్రశ్న, తేలకపోవడమే దాని సొగసు. థామస్ ఐస్నర్, స్టీఫెన్ నోవికీ అనే శాస్త్రజ్ఞులు 1983లో కొన్ని గూళ్లకు కాగితం పట్టీలు అంటించి చూశారు. పట్టీలున్న గూళ్లు ఉదయం పక్షుల రాకపోకల వేళ దాటేవరకు ఎక్కువగా నిలిచాయి, లేనివి చాలా తెగిపోయాయి. పక్షి గూటిని చూసి తప్పుకుంటుందని దాని అర్థం. క్యాథరిన్ క్రెయిగ్, గ్యారీ బెర్నార్డ్ 1990లో ఇంకో మాట చెప్పారు. ఆ పట్టు అతినీలలోహిత కాంతిని బాగా ప్రతిఫలిస్తుందని, అందువల్ల పువ్వులను వెతుక్కునే పురుగులు దానికి ఆకర్షితమవుతాయని. ఇంకో తొమ్మిదేళ్లకు టాడ్ బ్లాక్‌లెడ్జ్, జాన్ వెంజెల్ చేసిన పరీక్షలో రేఖలున్న గూళ్లకు వేట తగ్గింది, పక్షుల దెబ్బ కూడా తగ్గింది. అంటే ఆకలిని కొంత భరించి రక్షణను కొనుక్కున్నట్టు. పురుగును చుట్టేయడానికి వాడే పట్టుతోనే ఈ రేఖలు అల్లుతుందన్నది మాత్రం తెలిసిన విషయం. ఏ పాఠశాల విద్యార్థి అయినా మీ పార్కులో ఒక పొద దగ్గర నిలబడి, ఇవాళ్టి గూటిలో రేఖలెన్ని, నిన్న ఎన్ని, పక్కదానికి ఎన్ని అని లెక్క రాసుకుంటే, ఆ విద్యార్థి చేస్తున్నది పెద్ద ప్రయోగశాలలు ఇంకా చేస్తున్న పనే.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. మొదటిది బరువైనది. గూడు ఎంత అందమైనదైనా అది ఉరి కదా, పురుగులు చచ్చే చోటును పట్టుకుని అందమంటారేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. మిడత చిక్కుకున్నప్పుడు ఆర్జియోపి ఏం చేస్తుందో చూడటం అందరికీ సులభం కాదు. వెనక కాళ్లతో వెడల్పాటి తెల్లటి పట్టు పట్టీలను విసురుతూ, మిడతను గిర్రున తిప్పి, క్షణాల్లో మూటకట్టి ఆ తర్వాతే కొరుకుతుంది. కానీ తోటలో హింస లేని మూల ఏదీ లేదు. చెరువు మీద తిరిగే తూనీగ వేటగాడే, గడ్డిలో ఎగిరే పిచ్చుక తన పిల్లలకు పురుగుల్నే తెస్తుంది. మందారం దగ్గర రెక్కలాడించే తేనెపిట్ట సాలీళ్లనూ తింటుంది. ఆ పక్షుల్ని చూడటానికి మనం పిల్లల్ని తీసుకెళ్తాం, వాటి కోసం నీటి తొట్లు పెడతాం. పైగా తేనెపిట్ట తన వేలాడే గూటిని గట్టిపరిచేది సాలెపట్టుతోనే, దర్జీపిట్ట ఆకులను కలిపి కుట్టేటప్పుడూ దాన్ని వాడుతుంది. గూళ్లు దులిపేసిన పార్కులో ఆ పిట్టలకూ సరుకు కొరవడుతుంది. ఆకలి ఉన్నందువల్లనే గూటికి ఆ ఆకారం వచ్చింది. ఆకలిని తీసేసి ఆకారాన్ని మాత్రం ఉంచుకోవడం కుదరదు.

రెండోది మన ఇళ్లలో బాగా పాతుకున్నది. సాలెగూడు ఉంటే దరిద్రమని, పండుగనాడు బూజు ఉండకూడదని పెద్దలు చెప్పిన మాట. ఆ మాటలో న్యాయం ఉంది, ఇంటి విషయంలో. ఇంటి మూలల్లో పొడుగు కాళ్ల సాలీళ్లు వేసే పోగులు నెలల తరబడి అలాగే ఉండి, దుమ్మూ పొగా పట్టి నల్లగా వేలాడతాయి. బూజు అంటే అది, పాతబడి పనికిరాకుండా మిగిలిపోయిన పోగు. తోటలో గుండ్రటి గూడు ఏ రోజుకారోజు కొత్తది, దాని మీద దుమ్ము నిలిచే వ్యవధే ఉండదు. అన్నీ అలా ఉండవని కూడా ఒప్పుకోవాలి. కంచె మొక్కల మీద గుంపుగా పందిళ్లలా అల్లుకునే సిర్టోఫోరా సాలీళ్లు తమ గూడును రోజూ మార్చవు. వాటి చిక్కటి పోగుల్లో రాలిన ఆకులు, పాత మూటలు చేరి చూడటానికి అధ్వానంగా తయారవుతాయి. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది బహుశా వీటి మీదే. ఎండిపోయి, చెత్త పట్టి, సాలీడు విడిచిపెట్టిన పందిళ్లను తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. సాలీడు నడుమ కూర్చున్న గూటిని వాటితో ఒకే గాటన కట్టవద్దనే అంటున్నాను. మన సంప్రదాయం కూడా ఆ రెంటినీ ఒక గాటన కట్టలేదు. శ్రీకాళహస్తి గుడి పేరులోనే సాలీడు ఉంది. శివలింగం చుట్టూ తన పోగులతో గుడి కట్టిందని, దీపం మంట ఆ పట్టును కాల్చేస్తే ఆ దీపాన్నే మింగబోయిందని చెప్పే కథ అక్కడిది. ధూర్జటి ఆ క్షేత్ర మహిమను 16వ శతాబ్దంలో కావ్యం చేశాడు. భక్తుల వరుసలో ఏనుగు పక్కన, పాము పక్కన సాలీడును నిలిపిన ప్రాంతం మనది. బతుకమ్మకు తంగేడు, గునుగు కోయడానికి పొదల దగ్గరికి వెళ్లిన చేతులకు గూళ్లు తగలని ఏడాది ఉండదు. ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే కాలమూ ఇవి నిండుగా కనిపించే కాలమూ ఒకటే.

విషం గురించిన భయం మూడోది. వేటాడే సాలీళ్లలో దాదాపు అన్నిటికీ విషం ఉంటుంది, దాని పని పురుగును చంపడం. తోటల్లో గుండ్రటి గూళ్లు కట్టేవాటి కాటు మనిషికి ప్రాణాపాయం కలిగించేది కాదు. చేత్తో నలిపేస్తే తప్ప అవి కరవవు, కరిచినా తేనెటీగ కుట్టినంత నొప్పి కొంతసేపు ఉంటుంది. మనుషుల్ని ఇబ్బందిపెట్టే కొద్ది సాలీళ్లు వేరే తీరువి, అవి నడుమెత్తున వెలుతురులో గూడు కట్టుకుని కూర్చునేవి కావు. సాలీడు కనబడితేనే వణికిపోయేవాళ్లు నిజంగా ఉన్నారు, వాళ్ల భయం నటన కాదు. వాళ్లు నడిచే దారుల్లో గూళ్లు తీయాలనే నేనూ అంటున్నాను. కానీ తెలియనితనం వల్ల వచ్చే భయం చాలామందిది, దానికి మందు దగ్గరి నుంచి చూడటమే. చూడకపోవడం వల్ల ఏం పోగొట్టుకుంటామో చెప్పడానికి అనంతపురం జిల్లా గుత్తి ఒక్కటి చాలు. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు వర్ణించిన నీలిరంగు సాలీడు, పోయెసిలోథేరియా మెటాలికా, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవి. దాని ఒంటి నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల లోపలి అతిసూక్ష్మ నిర్మాణం మీద కాంతి ఆడే ఆట. విదేశాల్లో దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తూ పెంచుకుంటున్నారు. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న ప్రాణుల్లో దాన్ని 2008 నుంచి చేర్చారు. ఇంత అపురూపమైనది మన నేల మీద ఉందన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అడవిలోని నీలి సాలీడును కాపాడాలన్న ఆలోచన, ఇంటి పక్క పార్కులోని చారల సాలీడును ఒకసారి తేరిపార చూసిన మనసులో మొలవడం తేలిక.

అందాన్ని పక్కనపెట్టి ప్రయోజనం చెబితే ఫైలు త్వరగా కదులుతుందని శ్రేయోభిలాషులు సలహా ఇవ్వవచ్చు. ప్రయోజనం లేకపోలేదు. ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏటా 40 కోట్ల నుంచి 80 కోట్ల టన్నుల వేట తింటాయని మార్టిన్ నైఫెలర్, క్లాస్ బిర్క్‌హోఫర్ అనే పరిశోధకులు 2017లో అంచనా కట్టారు. వరి పొలంలో సుడిదోమను తినేవాటిలో సాలీళ్లు ముఖ్యమైనవి. మందులు కొట్టి సాలీళ్లనూ చంపేసుకుంటే సుడిదోమ మళ్లీ విజృంభిస్తుందని గ్రహించి ఇండొనేసియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. కానీ పార్కు పొలం కాదు. తోట సాలీడు దోమతోపాటు తేనెటీగనూ సీతాకోకచిలుకనూ పడుతుంది. అది డెంగీని ఆపుతుందని చెబితే అబద్ధమవుతుంది. డెంగీ దోమను ఆపేది నిలవ నీరు పారబోయడమే. ప్రయోజనం మీద ఆధారపడితే, ఆ ప్రయోజనం రుజువు కాని రోజున గూడు మళ్లీ చీపురు పాలవుతుంది. అందం మీద ఆధారపడితే ఆ ప్రమాదం లేదు. బోగన్‌విల్లాను ఏ లాభం చూసి నాటిస్తున్నారు? బంతి, చామంతి మడులకు ప్రయోజన నివేదిక ఎవరూ అడగరు. ఆ కొలమానమే సాలెగూటికీ వర్తించాలి. ఇది నాటనక్కర్లేదు, నీరు పోయనక్కర్లేదు.

ఇక మిగిలింది ఆచరణ. ఉదయం నడకకు వచ్చేవాళ్ల ముఖానికి గూడు తగిలితే ఫిర్యాదు మీకే వస్తుంది, పని ఒత్తిడి మాలి మీదే పడుతుంది. అందుకే దారుల మీద, దారి అంచు నుంచి చేయి చాచినంత దూరంలో, బెంచీలు, ఊయెలలు, వ్యాయామ పరికరాల దగ్గర గూళ్లు తీయమనండి. అక్కడ కూడా సాలీడును నలపకుండా కర్ర కొసతో పోగుపట్టి పక్క పొద మీదికి మార్చవచ్చు, మర్నాటికి అది అక్కడ కొత్త గూడు కట్టుకుంటుంది. కంచె మొక్కలన్నిటినీ ఒకే వారం మొదలంటా కత్తిరించకుండా, ఒక వరస ఇప్పుడు, రెండో వరస కార్తీకం వెళ్లాక అన్నట్టు విడదీస్తే గుడ్ల సంచులు సగమైనా మిగులుతాయి. ఒక్కో సంచిలో వందల గుడ్లుంటాయి, కత్తెరకు ముందు పోయేవి అవే. దోమల పొగను కేసులున్న చోటికే పరిమితం చేయడం ఎలాగూ మంచిది. ఆ పొగ ఎగిరే దోమలను చంపుతుంది, నీళ్లలోని దోమ పిల్లలను తాకదు. మధ్యలో పొదల్లోని సాలీళ్లకూ సీతాకోకచిలుకలకూ హాని చేస్తుంది. ప్రతి పార్కులో ఒక మూలనైనా, ఎండ తూర్పు నుంచి సూటిగా పడే పొదల వరస దగ్గర, ఇక్కడి గూళ్లను ఉద్దేశపూర్వకంగానే ఉంచామని పెద్ద తెలుగు అక్షరాలతో ఒక బోర్డు పెట్టించండి. సాలీడు బొమ్మ, దాని రేఖల గురించి నాలుగు వాక్యాలు, తాకవద్దన్న మనవి ఉంటే చాలు. ఆ బోర్డు లేకపోతే శుభ్రం చేయలేదన్న నింద మాలీల మీద పడుతుంది, వాళ్లు మర్నాడే దులిపేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. పార్కు గేట్లు ఆ రెండు నెలలు ఆరింటికే తెరిస్తే బడిపిల్లలను మంచు ఆరకముందే తీసుకురావడానికి ఉపాధ్యాయులకు వీలవుతుంది. ఎనిమిది దాటాక ఎండెక్కితే చూపించడానికి పెద్దగా మిగలదు.

దీనికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు. ముందు ఒక్కో నగరంలో ఒక్క పార్కులో చేసి చూడండి, ఫిర్యాదులు నిజంగా పెరిగాయో లేదో లెక్క రాయించండి, పెరిగితే ఆపేయండి. కత్తిరింపు పనులు మహాలయ అమావాస్యకు ముందే మొదలవుతాయి కాబట్టి, ఆదేశం భాద్రపద బహుళంలోనే మాలీల చేతికి అందాలి, అదీ వాళ్లకు అర్థమయ్యే తెలుగులో, ఏ గూడు తీయాలో ఏది ఉంచాలో బొమ్మలతో సహా.